అధ్యక్షా.. మా ఊరి మాట ఎవరడగాలె?

అసెంబ్లీ మన దగ్గరికి ఇప్పుడు ముప్పై సెకన్ల రీల్‌గా వస్తోంది. ఒక ఎమ్మెల్యే వేలు చూపిస్తాడు, ఒక మంత్రి పంచ్ వేస్తాడు, వెనకాల బీజీఎం, కింద నిప్పు ఇమోజీలు. ఎవరు ఎవరికి ‘ఇచ్చిపడేశారు’ అన్నది హెడ్డింగ్. కానీ ఒక్కసారి సౌండ్ పెంచి వినండి. తిట్టేవాళ్లూ, తిట్టించుకునేవాళ్లూ ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకోరు. ఇద్దరూ మూడో మనిషినే పిలుస్తారు: ‘‘అధ్యక్షా!’’

ఆ మూడో మనిషి రీల్‌లో కనపడడు. కనపడినా ‘‘కూర్చోండి.. కూర్చోండి.. ప్లీజ్’’ అనే గొంతే వినిపిస్తుంది. సభలో ప్రతి వాక్యం ఆ కుర్చీని తాకే అవతలి మనిషికి చేరాలి. అది రూలు. అంత ముఖ్యమైన కుర్చీ గురించి మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే తెలుసుకోక తప్పలేదు. ఎందుకంటే తెలంగాణ వచ్చాక మొట్టమొదట ఆ కుర్చీలో కూర్చున్నది మా ఎమ్మెల్యే.

మాది భూపాలపల్లి దిక్కు. చెల్పూరు కేటీపీపీ పొగగొట్టాలు పొలం గట్టు మీంచి కనిపించే ఊరు. అక్కను ఇచ్చింది జనగామ దిక్కు. అమ్మ పుట్టిల్లు మానుకోట జిల్లాలో, డోర్నకల్ పక్కన. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇవన్నీ ఒకే వరంగల్ జిల్లా. ఇప్పుడు మా ఇంట్లో పెళ్లి కార్డులు పంచాలంటే మూడు జిల్లాలు తిరగాలి. ఈ మూడు జిల్లాలకీ ఆ కుర్చీతో ఏదో ఒక ముడి పడి ఉండడం, నేను గ్రూప్స్‌కి చదువుతూ ‘పాలిటీ’ పుస్తకం తిరగేస్తున్నప్పుడు గమనించిన సంగతి.

మాట్లాడని మాటగాడు

2014 జూన్. నేనప్పుడు ఏడో తరగతి. భూపాలపల్లి ఎమ్మెల్యే సిరికొండ మధుసూదనాచారి తెలంగాణ శాసనసభ తొలి స్పీకర్‌గా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారని టీవీలో వచ్చింది. మా బాపు ఆ రోజు చాయ్ హోటల్ దగ్గర పది మందికి చాయ్ తాగించిండు. ‘‘ముఖ్యమంత్రైనా లేసి మనోనికి దండం పెట్టాల్సిందే’’ అని ఒకటే సంబురం.

మా పక్కింటి అవ్వ మాత్రం అడిగింది: ‘‘స్పీకరంటే మస్తు మాట్లాడెటోడా బిడ్డా?’’

అందరూ నవ్విండ్రు. కానీ అవ్వ అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. స్పీకర్ అనే మాట ఇంగ్లాండు నుంచి వచ్చింది. అక్కడ పాత రోజుల్లో సభ తరఫున వెళ్లి రాజుగారి ముందు మాట్లాడే మనిషే స్పీకర్. రాజుకు నచ్చని కబురు మోసుకుపోవాలి కాబట్టి ప్రాణాల మీదికి వచ్చే ఉద్యోగం. స్పీకర్లుగా చేసినవాళ్లలో కొందరి తలలు తెగిపడ్డాయి కూడా. అందుకే కొత్త స్పీకర్‌ను ‘నాకొద్దు’ అంటున్నా లాక్కెళ్లి కుర్చీలో కూర్చోబెట్టినట్టు చేసే ఆనవాయితీ అక్కడ ఇప్పటికీ ఉంది. మన దగ్గర అధికార పక్ష, ప్రతిపక్ష నాయకులు కలిసి చేయిపట్టి తీసుకెళ్లి కూర్చోబెడతారు. ఆ ఒక్క నిమిషం ఇద్దరూ పక్కపక్కన నడుస్తారు. రీల్ చేయాలంటే నిజానికి దాన్ని చేయాలి.

ఇవాళ స్పీకర్ అంటే మాట్లాడేవాడు కాదు, మాట్లాడించేవాడు. ఎవరికి మైక్, ఎంతసేపు, ఏ ప్రశ్న తీసుకోవాలి, ఏ మాట రికార్డుల నుంచి తొలగించాలి, ఏ బిల్లు ద్రవ్య బిల్లు, సభలో కనీస హాజరు ఉందా (119 మంది ఉన్న సభకు కనీసం 12 మంది ఉండాలి) – అన్నీ ఆయనే చూడాలి. ఓటింగ్ జరిగితే మామూలుగా ఆయన ఓటు వేయరు. రెండు పక్షాలకీ సమానంగా ఓట్లొస్తేనే ఆయన ఓటు. రాజ్యాంగం 189వ అధికరణం ఈ సంగతి చెబుతుంది.

ఇక్కడే మా ఊరికి సంబంధించిన చిక్కు ఉంది.

స్పీకర్ సభలో ప్రశ్న అడగరు. చర్చలో లేచి ‘‘మా భూపాలపల్లిలో..’’ అనరు. పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే వాగు మీద బ్రిడ్జి గురించి అడిగితే, ‘‘మంత్రిగారు సమాధానం చెప్పాలి’’ అని మాత్రం అంటారు. తన నియోజకవర్గంలో అంతకన్నా పెద్ద వాగు పొంగుతున్నా సరే! అధికారులను పిలిపించుకోవచ్చు, మంత్రులకు లెటర్ రాయొచ్చు, ఫోన్ చేస్తే పని అవుతుంది కూడా. కానీ అదంతా గదిలో జరిగేది. రికార్డులో ఉండే మాట, రేపు ‘ఫలానా రోజు సభలో ఇట్ల హామీ ఇచ్చిండ్రు’ అని పట్టుకుని నిలదీయగల మాట ఉండదు.

అంటే మా ఎమ్మెల్యే అంత పెద్ద కుర్చీ ఎక్కిన రోజునే, సభలో మా ఊరి గొంతు మ్యూట్‌లోకి వెళ్లింది. ఇది ఒక మనిషి తప్పు కాదు. ఆ కుర్చీ నిర్మాణమే అంత. మా బాపుకు ఈ మాట చెప్తే రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు అడిగిండు: ‘‘మరి మనూరి మాట ఎవరడగాలె?’’ నా పాలిటీ పుస్తకంలో దానికి జవాబు లేదు.

హెడ్‌ఫోన్ విసిరిన రోజు

ఆ కుర్చీకి ఎంత బలముందో, ఆ బలానికి హద్దు ఎక్కడుందో రెండూ ఒకే కేసులో చూడొచ్చు. 2018 మార్చి 12న గవర్నర్ ప్రసంగం సమయంలో సభలో గొడవ జరిగింది. విసిరిన హెడ్‌ఫోన్ మండలి చైర్మన్ స్వామిగౌడ్‌కు తగిలిందన్నారు. మరునాడే కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్ కుమార్ అనే ఇద్దరు కాంగ్రెస్ ఎమ్మెల్యేల సభ్యత్వాన్ని సభ రద్దు చేసింది. ఇంకొందరు కాంగ్రెస్ సభ్యులు సస్పెండ్ అయ్యారు. ఏప్రిల్‌లో హైకోర్టు ఆ బహిష్కరణను కొట్టేసింది.

సభ లోపలి వ్యవహారం సభదే, కోర్టులు వేలు పెట్టకూడదని 212వ అధికరణం అంటుంది. కానీ ఒక నియోజకవర్గం ప్రజలు పంపిన మనిషిని తీసేయాలంటే, ముందు ఆ మనిషి చెప్పేది వినాలి గదా! బాపుకు అప్పుడు కోర్టు మీద కోపం వచ్చింది. ‘‘సభల కొట్లాడితే ఊకుంటరా’’ అన్నడు. నేను ఇంటర్ చదువుతున్నా. ‘‘బడిల ఒకడు పెన్సిల్ ఇసిరిండని టీసీ ఇచ్చి పంపాలంటే వాళ్ల నాయనను పిలిచి అడుగుతరు గదా బాపు’’ అన్న. ఆ రాత్రి ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు.

కుర్చీకి తగిలిన దిష్టి

2018 చివర్లో ఎన్నికలు వచ్చాయి. భూపాలపల్లిలో తొలి స్పీకర్ ఓడిపోయారు. ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ‘‘స్పీకర్ అయితే మళ్ల గెలవరు, అది ఆ కుర్చీ దిష్టి’’ అన్నారు.

తెలుగు రాష్ట్రాల్లో ఇది పెద్ద సెంటిమెంటు. లెక్క చూస్తే భయమేస్తుంది కూడా. ప్రతిభా భారతి 2004లో ఓడారు. సురేశ్ రెడ్డి 2009లో, నాదెండ్ల మనోహర్ 2014లో, కోడెల శివప్రసాదరావు 2019లో, తమ్మినేని సీతారాం 2024లో.. అందరూ స్పీకర్‌గా చేసి వెంటనే వచ్చిన ఎన్నికలో ఓడినవాళ్లే. 2023లో బాన్సువాడలో గెలిచి పోచారం శ్రీనివాసరెడ్డి ఆ వరుసను తెంపారు.

దిష్టి, వాస్తు నాకు తెలియదు. పార్టీ గాలి అనేది ఎటూ ఉంటుంది. కానీ ఒక మామూలు కారణం కూడా కనపడుతుంది. స్పీకర్ అందరివాడిలా ఉండాలి కాబట్టి పార్టీ మీటింగుల్లో గొంతెత్తి అరవడం బాగుండదు. సభలో ఊరి గురించి అడిగిన వీడియో ఒక్కటీ ఉండదు. కార్యకర్తకు మనవాడనిపించడు, ఓటరుకు కనిపించడు. బ్రిటన్‌లో స్పీకర్ అయినవాళ్లు పార్టీకి రాజీనామా చేస్తారు. తర్వాతి ఎన్నికలో ఆయన మీద పెద్ద పార్టీలు పోటీ పెట్టకపోవడం అక్కడి ఆనవాయితీ. మన దగ్గర 1967లో లోక్‌సభ స్పీకర్ అయినప్పుడు నీలం సంజీవరెడ్డి పార్టీకి రాజీనామా చేశారు. తెలుగువాడు వేసిన దారే. కానీ తర్వాత ఆ దారిలో నడిచినవాళ్లు కనిపించరు. ఎందుకు నడుస్తారు? పార్టీ టికెట్ లేకపోతే రేపటి రాజకీయమే ఉండదు. నిష్పక్షపాతంగా ఉండమని చెప్పి, ఉన్నందుకు ఏ రక్షణా ఇవ్వని ఉద్యోగమది.

అన్నట్టు, మధుసూదనాచారి తర్వాత మండలి సభ్యుడై 2024లో అక్కడ ప్రతిపక్ష నేత అయ్యారు. నాలుగేళ్లకు పైగా ‘అధ్యక్షా’ అని పిలిపించుకున్న మనిషి, లేచి నిలబడి ‘అధ్యక్షా’ అని పిలవాల్సిన సీటు అది.

అక్క అడిగిన ప్రశ్న

మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు అక్క అడిగింది: ‘‘ఏమే, గ్రూప్సుకు చదువుతున్నవు గదా. ఒక గుర్తుకు ఓటేస్తే, గెలిచినోళ్లు ఇంకో పార్టీల కనిపిస్తే, నా ఓటు లెక్క ఎవలు చెప్పాలె?’’

చెప్పాల్సింది స్పీకరే. 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం, ఆ పనిని స్పీకర్‌కు అప్పగించింది. మండలిలో అయితే చైర్మన్‌కు. గెలిచిన పార్టీని వదులుకున్న సభ్యుడి పదవి ఉంటుందో పోతుందో తేల్చేది ఆయనే. 2003 సవరణ తర్వాత మామూలు సభ్యులకు ఒక మినహాయింపే మిగిలింది. ఆ పార్టీ సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని ఇంకో పార్టీలో విలీనమైతే పదవి పోదు.

ఈ మినహాయింపు చరిత్ర మా మూడు జిల్లాల మీంచే పోతుంది. 2014లో తెలంగాణలో టీడీపీ 15 సీట్లు గెలిచింది. వాళ్ల సభాపక్ష నాయకుడు ఎర్రబెల్లి దయాకర్‌రావు. ఆయన నియోజకవర్గం పాలకుర్తి, ఇవాళ్టి జనగామ జిల్లాలోది. 2016లో ఆయనతో సహా మూడింట రెండొంతులకు మించిన ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో కలిశారు. ఆ విలీనాన్ని గుర్తించింది మా భూపాలపల్లి స్పీకర్. 2019లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. గుర్తించింది అప్పటి స్పీకర్ పోచారం. ఆ పన్నెండు మందిలో ఒకరు గండ్ర వెంకటరమణారెడ్డి. అంటే భూపాలపల్లిలో మా మాజీ స్పీకర్‌ను ఓడించిన ఎమ్మెల్యేనే!

2023 తర్వాత బండి చక్రం తిరిగింది. బీఆర్‌ఎస్ తరఫున గెలిచిన పది మంది అధికార కాంగ్రెస్ వైపు వెళ్లారని, వాళ్లపై అనర్హత వేటు వేయాలని పిటిషన్లు పడ్డాయి. ఆ పది మందిలో జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే కడియం శ్రీహరి ఉన్నారు. మాజీ స్పీకర్ పోచారం కూడా ఉన్నారు. ఒకప్పుడు విలీనం పేపర్ మీద సంతకం పెట్టిన మనిషి, తర్వాత అదే కుర్చీ ముందు తన సంగతి చెప్పుకోవాల్సిన వరుసలో నిలబడ్డారు. కుర్చీలో ఉన్నది స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్.

పిటిషన్లు నెలల తరబడి సాగాయి. హైకోర్టు సింగిల్ జడ్జి, డివిజన్ బెంచ్ దాటి చివరికి సుప్రీంకోర్టుకు చేరాయి. 2025 జూలై 31న సుప్రీంకోర్టు, మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌కు చెప్పింది. ఇలా గడువు మాట రావడం ఇదే మొదటిసారి కాదు. 2020లో మణిపూర్ కేసులోనూ సుప్రీంకోర్టు మూడు నెలలు అంది. అంతేకాదు, ఒక పార్టీకి చెందిన స్పీకర్ చేతిలో ఈ తీర్పు పెట్టడం సరేనా, దీనికి వేరే స్వతంత్ర ట్రిబ్యునల్ ఉండాలేమో పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది.

ఏ పార్టీ తప్పు అన్నది ఇక్కడ విషయం కాదు. పేర్లు మారాయి, పార్టీలు స్థలాలు మార్చుకున్నాయి. మారనిది ఒకటే. ప్రతిసారీ ఆ కుర్చీలో ఉన్న మనిషి, లాభపడే పార్టీ మనిషి.

అక్కకు ఇదంతా చెప్పిన. ఆమె ఒకటే అంది: ‘‘అంటే ఐదేళ్లు అయిపోయేదాక తీర్పు రాకున్నా నడుస్తదన్నట్టు.’’

బాపు లేచిన కుర్చీ

దీనికి విరుగుడు ఏమిటని పుస్తకాల్లో వెతికే నాకు, జవాబు మా ఊరి రావిచెట్టు కింద దొరికింది.

బాపు ఊళ్లో చిన్నపాటి పెద్దమనిషి. గట్టు పంచాయితీలకు పిలుస్తారు. మూడేళ్ల కింద ఒక గట్టు తగాదా వచ్చింది. ఒకదిక్కు పక్క పొలం రైతు. ఇంకోదిక్కు మా కాక, బాపుకు సొంత తమ్ముడు. అలవాటు ప్రకారం బాపును కూర్చోబెట్టారు. కూర్చున్నడు. కాక మాట్లాడటం మొదలుపెట్టంగనే లేచి నిలబడ్డడు.

‘‘మా తమ్ముడు ఒకదిక్కున్నడు. నేను న్యాయంగ చెప్పినా మీరు నమ్మరు. నమ్మినా ఆయన నమ్మడు. నేను పెద్దమనిషిగ కూసోను’’ అని పోయి జనంలో నిలబడ్డడు. పక్క ఊరి మనిషిని పిలిపించి తేల్పించిండ్రు. రెండు సాళ్ల భూమి కాక చేతిలోంచి పోయింది.

కాక ఏడాదిన్నర మా ఇంటి గడప తొక్కలేదు. నాయనమ్మ సంవత్సరీకానికి కూడా వచ్చి, అన్నం తినకుండనే పోయిండు. ‘‘అన్న కుర్చీల ఉంటే నాకు గిట్ల అయితుండెనా’’ అని ఊరంతా చెప్పుకున్నడు. అమ్మ రోజూ ఏడ్చేది. బాపు మాత్రం ఒక్క మాట అనలేదు. న్యాయంగా ఉండడానికి ఖరీదు ఉంటుందనీ, అది ఇంటి లోపలి నుంచే వసూలవుతుందనీ నేను అప్పుడే చూసిన.

కాక మళ్లీ వచ్చింది నిరుడు, తన కొడుకు పెళ్లి మాట్లాడటానికి. ‘‘మీ నాయన ఆ దినం కుర్చీల కూసుంటే, ఆ రైతు ఇయ్యాల్టికీ నాతోని కొట్లాడుతుండె. ఇప్పుడు బోరు నీళ్లు ఇస్తుండు’’ అన్నడు నాతో. బాపుతో మాత్రం అనలేదు.

స్పీకర్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. బాపు లేచిపోగలిగిండు. స్పీకర్ లేవలేడు. చట్టమే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి, నీ ఇంటివాళ్ల తగాదా నువ్వే తేల్చు అంటోంది. ఎంత మంచి మనిషిని కూర్చోబెట్టినా అవతలివాళ్లు నమ్మరు. మనిషిని తిట్టి లాభం లేదు. ఈ ఒక్క తగాదా తేల్చే పనిని పక్క ఊరి పెద్దమనిషికి అప్పగించాలి. సుప్రీంకోర్టు 2020లో అన్న ట్రిబ్యునల్, మా రావిచెట్టు కింద బాపు చేసిన పని – రెండూ ఒకటే.

డోర్నకల్ కబురు

2025 జూన్‌లో మేనమామ ఫోన్ చేసిండు. డోర్నకల్ ఎమ్మెల్యే డాక్టర్ రామచంద్రునాయక్ పేరును డిప్యూటీ స్పీకర్ పదవికి అధికార పార్టీ ప్రకటించిన రోజు. డోర్నకల్ గిరిజన రిజర్వుడు నియోజకవర్గం, చుట్టూ తండాలు. మామ గొంతులో పదకొండేళ్ల కింద బాపు గొంతులో విన్న సంబురమే.

ఈసారి నా దగ్గర చెప్పడానికి ఒక మంచి మాట ఉంది. ‘‘మామా, డిప్యూటీ స్పీకర్ కుర్చీల ఉన్నప్పుడే అధ్యక్షుడు. స్పీకర్ సభ నడుపుతున్నప్పుడు మామూలు సభ్యుని లెక్క లేచి మాట్లాడొచ్చు, ఓటు కూడా ఎయ్యొచ్చు.’’ మామ కాసేపు ఆగి, ‘‘అయితే మా తండాల రోడ్ల ముచ్చట అడగొచ్చన్నట్టు’’ అన్నడు. అడగొచ్చు మామా. అడిగేటట్టు చూసుకోవాల్సింది మీరే.

కుర్చీ మన ఊరికి వచ్చిందని చాయ్ తాగించడం తప్పేం కాదు. మన దిక్కు మనుషులకు, అందులోనూ తండాల నుంచి వచ్చినవాళ్లకు, ఆ ఎత్తు దొరకడం చిన్న విషయం కాదు. కానీ చాయ్ తాగినంక మూడు సంగతులు కనిపెట్టుకుని ఉండాలి. మైక్ ఎవరికి ఎక్కువసేపు ఇస్తున్నారు? తేల్చాల్సిన పిటిషన్ ఎన్ని నెలలుగా బల్ల మీద ఉంది? కుర్చీలో ఉన్న మనిషి ఊరి సమస్యను ఏ పక్క ఎమ్మెల్యే చేత అడిగించుకుంటున్నారు? సభ నడిచినంతసేపు లైవ్ వస్తుంది, డేటా మన ఫోన్‌లోనే ఉంది. పది నిమిషాలు చాలు.

బాపు ఇప్పుడు అట్లనే చూస్తున్నడు. మొన్న ఫోన్‌లో అడిగితే, ‘‘మనోడు మాట్లాడుతుండా లేదా అని చూస్తలేను బిడ్డా. అవతలోన్ని మాట్లాడనిస్తుండా అని చూస్తున్న’’ అన్నడు.